వాయిదా బిళ్ళలు
(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థిని, చెన్నేకొత్తపల్లి)

సావనీరులో ఇలాంటి విషయమా అని ముక్కు మీద వేలేసుకునేవారు ఉండవచ్చు. కానీ మా చెన్నేకొత్తపల్లి వైపు పెళ్ళిపత్రిక అచ్చు కాకముందే ఆడవాళ్ళు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటారు. వ్రతమైనా, గృహప్రవేశమైనా, కదిరి తేరైనా అంతే. ముట్టు అడ్డమొచ్చేట్టుంటే మందులషాపుకు ఎవరినో పంపి 'వాయిదా బిళ్ళలు' తెప్పిస్తారు. ఎవరికి, ఎందుకు అని అక్కడ అడిగేవాళ్ళు తక్కువ.

ఆ బిళ్ళ విషం కాదు, పిప్పరమెంటూ కాదు. అందులోని మందు నోరెథిస్టెరోన్. 1951లో మెక్సికోలో తొలిసారి తయారయింది. ఒంట్లో ప్రొజెస్టిరోన్ అనే హార్మోను తగ్గినప్పుడు గర్భసంచి లోపలి పొర ఊడి ముట్టవుతుంది. ఈ మందు ఆ హార్మోను పని చేస్తూ పొరను నిలిపి ఉంచుతుంది. సాధారణంగా డాక్టర్లు 5 మిల్లీగ్రాముల మాత్రను రోజుకు 3 సార్లు, ముట్టు రావలసిన తేదీకి 3 రోజుల ముందు నుంచి వాడమంటారు. ఆపిన 2, 3 రోజులకు ముట్టు వస్తుంది. ఇలా వాడినంత మాత్రాన గర్భం రాదనుకోకూడదు.

ఇది అందరికీ పడదు. కాళ్ళ సిరల్లోగానీ, ఊపిరితిత్తుల్లోగానీ రక్తం గడ్డకట్టినవారు, కాలేయ జబ్బున్నవారు, రొమ్ము కాన్సరు వచ్చినవారు, గర్భవతులు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారు దీని జోలికి పోకూడదు. ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టి ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. వాడేటప్పుడు ఒక కాలు వాచి నొప్పి పుట్టినా, ఆయాసమో ఛాతీనొప్పో వచ్చినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. డాక్టరు చీటీ మీదే ఈ మందు అమ్మాలనేది ఇందుకే.

ఇంకొక మాట. మా యమ్మ ముట్టు రోజుల్లో కూడా శెనక్కాయ చేలో కలుపు తీస్తుంది, చెట్లు పీకుతుంది. అప్పుడు పంటకు మైల అంటదు! చేనికి పనికొచ్చిన మనిషి పెళ్ళి పందిట్లోకి ఎందుకు పనికిరాదు? పరీక్షకో, ఆటల పోటీకో, ప్రయాణానికో తనకు కావాలనుకుని, డాక్టరును అడిగి వాడుకుంటే అది ఆ అమ్మాయి ఇష్టం. బంధువుల నోళ్ళకు జడిసి ఆమె చేత మింగించడం మాత్రం నాకు సమ్మతం కాదు. ముహూర్తం జరపడానికి ఒప్పుకోని పెద్దలు, ఆడపిల్ల ఒంటి లెక్క జరపడానికి ఎంత సులువుగా ఒప్పుకుంటారు!

సోదరీమణులారా, మీ తేదీలు రాసిపెట్టుకోండి. అవసరముంటే వారం పదిరోజుల ముందే సర్కారు ఆసుపత్రికి పోయి అడగండి. సోదరులారా, అంగడికి మిమ్మల్ని పంపితే చీటీ ఏదని అడగండి. సైన్సు చదివే మనమే సిగ్గుపడి నోరు మూసుకుంటే మన ఊళ్ళలో ఇంకెవరు చెబుతారు?