జామీనుకు మనిషి దొరకడం లేదు

"జామీను అయిపోయింది తమ్ముడూ, మా వాడు సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తాడు" అని ఆ తల్లి ఫోన్ చేసినప్పుడు నేనూ దేవునికి స్తోత్రం అన్నాను. వాళ్ళది కేజీఎఫ్. కొడుకు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు పనికి పోయి రాత్రికి తిరిగొచ్చే వేలమందిలో ఒకడు. పని దగ్గర జరిగిన కొట్లాటలో నలుగురితో పాటు వీణ్ణీ పట్టుకెళ్ళారు. పదో రోజున కోర్టు బెయిలు ఇచ్చింది. కన్నడంలో బెయిలునే జామీను అంటారు కదా, గుమాస్తా "జామీను ఆయితు" అనగానే ఆమె అంతా అయిపోయిందనుకుంది. మనం తెలుగులో జామీను అంటే పూచీ. కష్టమంతా ఆ రెండో అర్థంలో ఉంది. వాడు ఇల్లు చేరడానికి ఇంకా పంతొమ్మిది రోజులు పట్టింది.

కోర్టు అడిగింది 50,000 రూపాయలకు అబ్బాయి సొంత బాండు, అంతే మొత్తానికి పూచీ పడే ఒక స్థానికుడు. పూచీ పడేవాడు తన పేరు మీద పహణి గానీ, ఇంటి ఖాతా, పన్ను రసీదు గానీ చూపించాలి. వీళ్ళ తాత చిత్తూరు జిల్లా నుంచి వచ్చి బంగారు గనిలో దిగినవాడు. తండ్రీ గనిలోనే పనిచేశాడు. 2001లో గనులు మూతపడ్డాయి. మూడు తరాలుగా కాపురముంటున్న లైను ఇల్లు కంపెనీది, వీళ్ళ పేరు మీద ఒక్క కాగితం ముక్క లేదు. చుట్టాలందరిదీ అదే పరిస్థితి. చిత్తూరు వైపు ఒక పెదనాన్నకు అరెకరం ఉంది. వేరే రాష్ట్రం భూమి వద్దన్నారు.

మన సంఘంలో సొంత ఇల్లున్న ముగ్గురిని నేనే వెళ్ళి అడిగాను. నాది అద్దె ఇల్లు, నా సంతకం కోర్టుకు పనికిరాదు. ఒకాయన సామెతల గ్రంథం తీసి, పూటపడవద్దని వాక్యమే చెబుతోంది అన్నాడు. ఇంకొకాయన కూతురి పెళ్ళి కుదిరిందని, ఇప్పుడు కోర్టు గుమ్మం ఎక్కలేనని చెప్పాడు. మూడో ఆయన ప్రార్థన చేస్తానన్నాడు. తరువాత ఫోన్ ఎత్తలేదు.

చివరికి కోర్టు ఎదుట జెరాక్సు షాపు దగ్గర ఒక మనిషి దొరికాడు. ఎనిమిది వేలు. ఆమె చెవి కమ్మలు కుదువ పెట్టింది. ఎవరో ముక్కూ మొహం తెలియని ముసలాయన పహణి పట్టుకొచ్చి, అబ్బాయి తనకు మేనల్లుడని బెంచీ ముందు చెప్పి వెళ్ళిపోయాడు. కొడుకు బయటికొచ్చాడు. నాలుగు నెలలకు ఆ పహణి నకిలీదని తేలింది. కొత్త జామీను తెమ్మని కోర్టు ఆదేశం, తేకపోతే వారంటు. అప్పుడు వేరే లాయరమ్మ ఒకామె జామీనుదారు బదులు నగదు డిపాజిట్‌కు అనుమతి కోరింది. 15,000 కట్టమన్నారు. కేసు ముగిశాక, అబ్బాయి వాయిదాలు తప్పకపోతే, ఆ డబ్బు తిరిగొస్తుంది. దళారికి ఇచ్చిన ఎనిమిది వేలు ఎప్పటికీ రావు. ఆ దరఖాస్తు మొదటి రోజే వేయవచ్చని మాలో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు, అది ఒప్పుకోవాలి.

ఈ మధ్య మన యౌవనస్థులు ఇలాంటి ఆపద వస్తే ముందు ఫోన్‌లో వెతుకుతున్నారు. అక్కడ కనిపించేవి అమెరికా బెయిల్ బాండ్ కంపెనీలు. ఆ దేశంలో చాలా రాష్ట్రాల్లో అది చట్టబద్ధమైన వ్యాపారం. కోర్టు అడిగిన మొత్తంలో సాధారణంగా పదో వంతు రుసుము కంపెనీకి కడితే, ఆ మొత్తానికీ కంపెనీ పూచీ పడుతుంది. నిర్దోషి అని తేలినా ఆ రుసుము తిరిగి రాదు. ఫిలిప్పీన్స్ తప్ప మరే దేశంలోనూ ఈ వ్యాపారం ఇలా నడవడం లేదు. అమెరికాలోనూ ఇల్లినాయ్ రాష్ట్రం 2023 సెప్టెంబరులో డబ్బు కట్టించుకునే బెయిలునే పూర్తిగా ఎత్తేసింది. మన దేశంలో అలాంటి లైసెన్సు ఉన్న కంపెనీలు లేవు. 'జామీను సర్వీసు' అని ఎవరైనా దగ్గరికొస్తే అతను దళారి. జామీనుదారు తాను ఇప్పటికే ఎంతమందికి పూచీ పడ్డాడో కోర్టుకు ప్రకటించాలని చట్టం ఉంది. అద్దె మనిషి అక్కడే అబద్ధం ఆడతాడు. పట్టుబడితే ఫోర్జరీ కేసు. అతణ్ణి తెచ్చినవాళ్ళనూ అడుగుతారు.

అయినా ఆ తల్లిని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. ముగ్గురు విశ్వాసులు కాదన్న తరువాతే ఆమె జెరాక్సు షాపు దగ్గరికి వెళ్ళింది.

ఇది ఒక్క కేజీఎఫ్ ఇంటి సంగతే అయితే ఇంత రాయను. సోలాపూర్ మగ్గాల మధ్య పుట్టినవాడికైనా, ముంబయి కామాటిపురలో పుట్టినవాడికైనా, బరంపురంలో పుట్టినవాడికైనా ఊరు దాటి అరెస్టయితే ఇదే గతి. సుప్రీంకోర్టు ఈ మాట 1978లోనే గుర్తించింది. మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి మధ్యప్రదేశ్‌లో మేజిస్ట్రేటు 10,000 రూపాయల జామీను అడిగాడు. అన్నదమ్ముడు ముందుకొస్తే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని తోసిపుచ్చాడు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో మన సంగతి కూడా తలుచుకున్నారు. పని వెతుక్కుంటూ వెళ్ళిన మలయాళీనో, కన్నడిగుణ్ణో, తమిళుణ్ణో, ఆంధ్రుణ్ణో ఎక్కడో బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో పట్టుకుంటే, అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారును ఎక్కణ్ణుంచి తెస్తాడని అడిగారు. మోతీరామ్‌ను 1,000 రూపాయల సొంత బాండు మీద వదిలారు. నలభై ఆరేళ్ళు దాటింది. మన పిల్లలను ఇంకా స్థానికుణ్ణి తెమ్మంటూనే ఉన్నారు.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకొన్ని ఆదేశాలిచ్చింది. బెయిలు వచ్చిన వారంలో ఖైదీ బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలి. నెల లోపల జామీను ఇవ్వలేకపోతే కోర్టు తానుగా షరతులు సడలించే విషయం పరిశీలించవచ్చు. స్థానిక జామీను పట్టుబట్టడమే ఆలస్యానికి ఒక కారణమని, ఆ షరతు పెట్టకుండా ఉండవచ్చని కూడా అందులో ఉంది. కొత్త చట్టం, అంటే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 484వ సెక్షన్‌లో బాండు మొత్తం మితిమీరి ఉండకూడదంటుంది. నగదు డిపాజిట్‌కు దారి 490లో ఉంది. బెయిలు హక్కుగా దొరికే చిన్న నేరాల్లో, వారం లోపల జామీను తేలేనివాణ్ణి బీదవాడిగా భావించి సొంత బాండు మీద వదలాలని 478 చెబుతుంది. బీద ఖైదీల కోసం కేంద్ర ప్రభుత్వం 2023లో పెట్టిన పథకం కింద, కొన్ని తీవ్రమైన నేరాలు తప్ప, బెయిలు కోసం 40,000 వరకు ఇచ్చే వీలు కల్పించారు. ఉచిత న్యాయ సహాయానికి ఫోన్ 15100. ఇవన్నీ అడిగితేనే దొరుకుతాయి, అడిగే మనిషి జైలు బయట ఉండాలి. 2022 చివరికి దేశంలో జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురి మీద ఇంకా నేరం రుజువు కాలేదు.

ఇప్పుడు ఆ సామెతల సంగతి. పూటపడవద్దన్న హెచ్చరిక ఉంది, కాదనను. అక్కడ మాట అప్పు గురించి. స్నేహితుడి అప్పుకు చేతిలో చెయ్యి వేసి ఇల్లు గుల్ల చేసుకోవద్దని తండ్రి కొడుక్కి చెబుతున్నాడు. అదే బైబిల్లో యూదా తన తమ్ముడు బెన్యామీను కోసం తండ్రి ముందు పూటపడ్డాడు. థెస్సలొనీకలో పౌలుకు ఇల్లిచ్చిన పాపానికి యాసోనును అధికారుల ముందుకు ఈడ్చినప్పుడు అతని దగ్గరా మిగిలినవారి దగ్గరా జామీను తీసుకున్నారు. మన తెలుగు బైబిల్లో ఆ చోట ఉన్నది కోర్టు మాటే. ఆ రోజు యాసోను ఇంట్లో ఉన్న సహోదరులు సామెతల గ్రంథం తెరిచి పక్కకు తప్పుకోలేదు.

భయం కూడా నిజమే. జామీను పత్రం మీద సంతకం పెడితే ఇల్లు పోతుందని చాలామంది అనుకుంటారు. సంతకం పెట్టిన రోజు కోర్టుకు ఏమీ కట్టనక్కరలేదు. ముద్దాయి వాయిదాకు వచ్చేలా చూస్తానని మాట ఇస్తున్నారంతే. వాడు రాకపోతే కోర్టు మిమ్మల్ని పిలిచి కారణం అడుగుతుంది. తగిన జవాబు లేకపోతే బాండు మొత్తం దాకా కట్టమనవచ్చు. అందులో కొంత తగ్గించే అధికారమూ కోర్టుకు ఉంది. మీకు నమ్మకం పోతే జామీను నుంచి తప్పించమని ఎప్పుడైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాడి మీద నేరం రుజువైనా మీకు శిక్ష పడదు. కాబట్టి వాడు మంచివాడా చెడ్డవాడా అన్నది జామీనుదారు తేల్చవలసిన ప్రశ్న కాదు. పిలిచినప్పుడు వస్తాడా రాడా అన్నది ఒక్కటే. ఆ సంగతి వాణ్ణి ఆదివారం బడిలో చూసినవాడికి తెలుస్తుంది గానీ జెరాక్సు షాపు మనిషికి తెలియదు.

ఒక్క చోట మాత్రం నేను సంఘాన్ని ఆగమంటాను. భార్యను కొట్టిన కేసులో భర్తకు సంఘ పెద్దలు వరుసగా వెళ్ళి జామీను నిలబడితే, అదే సంఘంలో కూర్చున్న ఆ భార్య ఇక నోరు తెరవదు. బెయిలు అతని హక్కే, అతని అన్నదమ్ములు చూసుకోనివ్వండి. పెద్దలు ముందు ఆమె ఇంటికి వెళ్ళాలి.

మా సంఘంలో ఇప్పుడు ఒక చిన్న పుస్తకం పెట్టాం. జామీను ఇవ్వడానికి ఒప్పుకున్నవారి పేర్లు, వారి పత్రాల నకళ్ళు, ఒక్కొక్కరు ఒకసారికి ఒక్క కేసే. బయటికొచ్చిన వాడి వాయిదా తేదీలు గుర్తు చేసేది, అవసరమైతే రైలు టికెట్టు కొనిచ్చేది యౌవనస్థుల పని. ఆరుగురు పేర్లిచ్చారు. తరువాతి వారానికి ఇద్దరు వెనక్కి తీసుకున్నారు, ఇంట్లో గొడవైందట. మిగిలిన నలుగురిలో ఒకామె రిటైరైన టీచరమ్మ, డెబ్బై ఏళ్ళు. పోయిన నెల పక్క వీధి కుర్రాడి కోసం ఆమె కోర్టుకు వెళ్ళింది. వాడు మన సంఘం వాడు కాడు. మెట్లెక్కడానికి చెయ్యి పట్టుకోబోతే వద్దంది, ఖాతా కాగితాలు కవరులోంచి జారిపోకుండా పట్టుకోమంది.