మధుమేహం: అజ్ఞానం ఎవరిది? బాధ్యత ఎవరిది?



ఏటా నవంబర్ 14న ప్రపంచ మధుమేహ దినం వస్తుంది. ఆనాడు కార్యాలయాల గోడలపై పోస్టర్లు వెలుస్తాయి. తక్కువ తినవలెనని, ఎక్కువ నడవవలెనని, అజ్ఞానం విడనాడవలెనని అధికారులు ఉద్బోధిస్తారు. మరునాడు అదే గోడపై వరుస రాత్రి డ్యూటీల జాబితా అంటిస్తారు. ఈ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చదవడం మన కర్తవ్యం.

అజ్ఞానం లేదని మనం వాదించడం లేదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన దేశవ్యాప్త అధ్యయనం 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహగ్రస్తులు. మరో 13.6 కోట్ల మంది దాని ముంగిట నిలిచి ఉన్నారు. అదే అధ్యయనంలో భాగంగా తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో ప్రజల అవగాహనను పరిశీలించి 2014లో ప్రకటించిన ఫలితాలు చూడండి. మధుమేహమనే వ్యాధి ఒకటున్నదని విన్నవారే నూటికి 43.2 మంది. పట్టణాలలో 58.4, పల్లెలలో 36.8. వ్యాధి సోకినవారిలో సైతం నాలుగో వంతుకు పైగా, అది ఇతర అవయవాలను దెబ్బతీయగలదని ఎరుగరు.

మన క్వార్టర్లలో, రన్నింగ్ రూములలో వినిపించే మాటలూ ఇటువంటివే. తీపి తినేవారికే షుగర్ వస్తుందట! అన్నం, పని తీరు, నిద్ర, వంశం, నడుము చుట్టుకొలత ఈ లెక్కలోకి రావట. మాత్ర మొదలుపెడితే జీవితాంతం వదలదు కనుక మొదలుపెట్టకపోవడమే మేలట! మాత్ర మానినంత మాత్రాన వ్యాధి మానదు. అది కళ్ళను, మూత్రపిండాలను, కాలి నరాలను నిశ్శబ్దంగా తొలుస్తుంది. ఇన్సులిన్ అంటే చివరి దశ అట! శరీరానికి చాలని దానిని బయటినుండి అందించడమే ఇన్సులిన్. అది శిక్ష కాదు. కాకరరసం, మెంతులు, నేరేడు గింజల పొడి ఉండగా వైద్యుడెందుకని మరొకరు. కాకరకాయను కూరగా తినండి, అభ్యంతరం లేదు. దానిని నమ్మి మందు మానడం ఆత్మవంచన. పరగడుపున రక్తంలో చక్కెర 126 మిల్లీగ్రాములు, ఆపైన ఉన్నట్లు మరల పరీక్షలోనూ తేలితే అది మధుమేహమే. బాధ తెలియడం లేదు కనుక వ్యాధి లేదనుకోవడం పొరపాటు.

అయితే, తెలిసినవాడు సైతం ఎందుకు దాస్తున్నాడు? ఈ ప్రశ్న పోస్టర్లలో కనబడదు. రక్తపరీక్షలో చక్కెర తేలితే మెడికల్ కేటగిరీ పోతుందని, రన్నింగ్ అలవెన్సు పోతుందని, బండి దింపి మూల కూర్చోబెడతారని లోకో పైలట్ భయం. అందుచేత పీరియాడికల్ పరీక్షకు పది రోజుల ముందు పస్తులుంటాడు, ప్రైవేటు దుకాణంలో రహస్యంగా మాత్రలు కొంటాడు. దీనిని అజ్ఞానమందామా? కాదు, ఇది భయం; భయానికి మూలం నిబంధనలలో ఉన్నది. దాచిన వ్యాధి బండి నడిపేవానికీ, బండిలోని వేలాది ప్రయాణికులకూ ప్రమాదమే.

ఆచరణ విషయానికి వద్దాం. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్ర గానీ వాడేవాడు వేళకు తినకపోతే చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, మైకం కమ్ముతాయి. చక్కెర పెరిగితే మాటిమాటికి మూత్రవిసర్జన అవసరం. మరి 2025 ఏప్రిల్‌లో రైల్వే బోర్డు ఏమి చెప్పింది? లోకో పైలట్లకు భోజనానికి, కాలకృత్యాలకు నియమబద్ధమైన విరామం కల్పించడం నిర్వహణరీత్యా సాధ్యం కాదన్నది! వేళకు తినమని వైద్యుడు చెప్పగా, తినడానికి వేళ లేదని బోర్డు చెప్పింది. ఇక క్రమశిక్షణ లేనివాడు ఎవరు?

ట్రాక్ మెయింటెయినర్ రాళ్ళమీద కిలోమీటర్ల కొలది నడుస్తాడు. స్పర్శ తప్పిన పాదానికి గాయమైనా తెలియదు. మెయిల్ సార్టింగ్ హాలులో ఉద్యోగి రాత్రంతా మేలుకొంటాడు. ఏండ్ల తరబడి రాత్రి డ్యూటీలు మధుమేహ ప్రమాదాన్ని పెంచుతాయని పరిశోధనలు చెబుతున్నవి. గ్రామీణ డాక్ సేవకుడు అదే తపాలా మోస్తాడు కానీ, రెగ్యులర్ ఉద్యోగికున్న వైద్య సదుపాయానికి నోచుకోడు.

వ్యక్తిగత బాధ్యత లేదా అని అడుగుతారు. ఉన్నది. ఆహారంలో, నడకలో మార్పు తెస్తే వ్యాధి రాకను గణనీయంగా తగ్గించవచ్చునని 2006లో ప్రకటితమైన భారత మధుమేహ నివారణ అధ్యయనం నిరూపించింది. ఆ తగ్గుదల 28.5 శాతం. కానీ ఆ మార్పుకు క్రమమైన భోజనవేళ కావాలి, నిద్ర కావాలి, తీరిక కావాలి. పోరాడి సాధించకపోతే అవి వచ్చేవి కావు.

1923లో ఇన్సులిన్ ఆవిష్కర్తలు తమ పేటెంటును తలా ఒక డాలరుకే టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశారు. ప్రాణం నిలిపే మందుతో వ్యాపారం తగదన్నది వారి భావన. ఆ ఇన్సులిన్ స్టాకు లేదన్న సాకుతో నేడు ఏ డిస్పెన్సరీ అయినా ఉద్యోగిని బయటి దుకాణానికి పంపితే, ఆ త్యాగానికే అవమానం.

కనుక మన కోర్కెలు:

1. రన్నింగ్ సిబ్బందికి భోజన విరామం, ఇంజన్లలో మరుగుదొడ్డి నిబంధనగా కల్పించాలి.
2. మధుమేహం తేలిన ఉద్యోగికి చికిత్స, సమాన వేతనంతో తగిన పని ఇవ్వాలి. సర్వీసులో వైకల్యం కలిగినవారిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20(4) సెక్షన్ శాసించింది. చూపు గానీ, కాలు గానీ పోయేదాకా వేచి ఉండక ఆ న్యాయాన్ని ముందే వర్తింపజేయాలి.
3. వరుస రాత్రి డ్యూటీలను పరిమితం చేయాలి.
4. మాత్రలు, ఇన్సులిన్, కంటి, పాద పరీక్షలు క్రమంగా, ఉచితంగా అందించాలి. గ్రామీణ డాక్ సేవకులకూ వర్తింపజేయాలి.

మిత్రులారా! ప్రతి బ్రాంచిలో వైద్యుని పిలిపించి సభ జరపండి. పరీక్ష చేయించుకోండి, ఫలితాన్ని దాచకండి, మందు మానకండి. వేళకు అన్నం తినే హక్కుకై సమైక్యంగా నిలబడండి. మన ఆరోగ్యం ఎవరి దయాధర్మం కాదు, అది మన శ్రమకు చెందవలసిన హక్కు.