కనిపించని నొప్పికి సాక్ష్యం ఏది?

మూడు నెలలు దాటినా వదలని నొప్పి దానికదే ఒక జబ్బు అని వైద్యశాస్త్రం ఒప్పుకుంది. ఇంట్లో, వాడలో, ఫోన్ గ్రూపుల్లో మాత్రం అది ఇంకా ‘నాటకం’గానే మిగిలింది. ఈ అపనమ్మకం ఖరీదు ఎంత? దాన్ని ఎవరు కడుతున్నారు?

కాలు విరిగి కట్టుతో కూర్చుంటే పండ్లు పట్టుకుని పలకరించడానికి వస్తారు. అదే మనిషి రెండేళ్లుగా నడుము నొప్పి అంటే లెక్క మారిపోతుంది. మొదటి వారం పరామర్శలు, మూడో నెలకు సలహాలు, ఏడాది తిరిగేసరికి అనుమానాలు. ‘రిపోర్టుల్ల ఏం లేదన్నరు గదా’, ‘పని తప్పించుకుందామనే’, ‘మా అమ్మ పది మందిని కని నాట్లేసింది, ఆమెకు లేవా నొప్పులు?’ అనే మాటలు మన ఇళ్లలో కొత్తవి కావు. ఇప్పుడు అవి ఫోన్‌లోకీ వచ్చాయి. ఒకప్పుడు నలుగురు అనే మాటను ఇప్పుడు నాలుగు వేల మంది అంటున్నారు.

తెరమీది మనిషికే తప్పలేదు

తెలుగు వాళ్లకు బాగా గుర్తున్న ఉదాహరణ నటి సమంత. తనకు మయోసైటిస్ ఉందని 2022 అక్టోబరు చివర్లో ఆమె బయటపెట్టారు. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కండరాల మీద దాడి చేసే జబ్బు ఇది. కండరాలు వాచి బలహీనపడతాయి. కొందరికి నొప్పి, తీవ్రమైన నిస్సత్తువ ఉంటాయి. ఆమె సినిమా ‘యశోద’ విడుదల రెండు వారాల దూరంలో ఉండటంతో ‘సానుభూతి కోసమే’ అన్నవాళ్లు బయల్దేరారు. 2023 జనవరిలో ‘శాకుంతలం’ ట్రైలర్ వేడుకకు వస్తే ముఖంలో కళ పోయిందన్నారు. నెలల తరబడి మందులు వాడాల్సిన స్థితి మీకు రాకూడదని కోరుకుంటున్నానంటూ ఆమె బదులిచ్చారు.

2024 జులైలో వచ్చిన వివాదం వేరు. వైరల్ ఇన్ఫెక్షన్లకు హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి పీల్చడం గురించి ఆమె రాస్తే, కేరళకు చెందిన ఓ కాలేయ వైద్యుడు ఘాటుగా తప్పుపట్టారు. వైద్యపరంగా ఆ అభ్యంతరం సరైనదే. ఆ రసాయనాన్ని పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం. అయితే ఈ రెండు సంఘటనలను ఒకే గాటన కట్టకూడదు. ‘నువ్వు చెప్పిన చికిత్స తప్పు’ అనడం విమర్శ. ‘నీ జబ్బే అబద్ధం’ అనడం తీర్పు. మొదటిది సమాజానికి అవసరం. రెండోది రోగిని నోరు మూసుకునేలా చేస్తుంది. మన చర్చల్లో ఈ గీత తరచూ చెరిగిపోతోంది.

చాట ముందు, సాంచాల నడుమ

డబ్బు, పేరు, మంచి వైద్యులు అందుబాటులో ఉన్న మనిషి పరిస్థితే ఇలా ఉంటే, రాజన్న సిరిసిల్ల జిల్లా వీర్నపల్లిలో బీడీలు చుట్టే మహిళ మాటేమిటి? 2016లో కొత్త జిల్లాతో పాటు మండల కేంద్రమైన ఊరు ఇది. ఇక్కడి నుంచి కోరుట్ల, జగిత్యాల దాకా ఎన్నో ఇళ్లకు మూడు ఆధారాలు: వ్యవసాయం, ఆడవాళ్ల బీడీల పని, మగవాళ్ల గల్ఫ్ వలస. సిరిసిల్ల పట్టణానికి మరమగ్గాలు ప్రాణం. ఈ పనులన్నీ ఒంటిమీద నెమ్మదిగా అప్పు రాసుకుంటూ పోయేవే.

బీడీలు చుట్టే మనిషి ఒళ్లో చాట పెట్టుకుని, మెడ వంచి, కాళ్లు ముడుచుకుని గంటల తరబడి కూర్చుంటుంది. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం... ఒక్కో బీడీకి అవే కదలికలు. కూలి లెక్క వెయ్యి బీడీలకు. అంటే వేళ్లు, మణికట్టు ఒకే పనిని రోజుకు వందల సార్లు చేస్తాయి. సాంచాల దగ్గర కార్మికుడు పన్నెండు గంటలు నిలబడి, చెవులు హోరెత్తే చప్పుడులో అటూ ఇటూ తిరుగుతాడు. గల్ఫ్ నిర్మాణ పనుల్లో ఏళ్లు గడిపినవాళ్లు నడుము, మోకాళ్లు అరగదీసుకుని తిరిగొస్తారు. వచ్చాక ‘దుబాయ్ పోయొచ్చినోడు పని చేస్తలేడు’ అనే మాట ఎదురవుతుంది.

ఇక్కడ తీర్పు నేరుగా కూలి మీద పడుతుంది. నొప్పి అని చెబితే ఆకు తక్కువ ఇస్తారేమో, సాంచాలు వేరేవాళ్లకు అప్పగిస్తారేమో అన్న భయం. కోడలు చెబితే అత్తగారింట్లో పేరు పడుతుంది. చెప్పకపోతే నొప్పి ముదురుతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

స్కాన్‌లో లేకపోతే నొప్పి లేనట్టేనా?

అపనమ్మకానికి మూలం ఒక పొరపాటు లెక్క: దెబ్బ ఎంత ఉంటే నొప్పి అంత ఉండాలి, దెబ్బ ఉంటే ఫొటోలో కనిపించాలి. శరీరం అలా పనిచేయదు. 2015లో వెలువడిన ఒక ప్రసిద్ధ సమీక్ష దీనికి ఉదాహరణ. ఏ నొప్పీ లేనివారి వెన్ను స్కాన్లు చూస్తే, 20 ఏళ్ల వారిలో 37 శాతం మందికి, 80 ఏళ్ల వారిలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. అరుగుదల ఉన్నా నొప్పి లేనివాళ్లు ఉన్నట్టే, స్కాన్ బాగున్నా నొప్పితో మెలికలు తిరిగేవాళ్లూ ఉంటారు.

దొంగ వస్తేనే మోగాల్సిన అలారం, పిల్లి దూకినా మోగడం మొదలుపెట్టిందనుకోండి. దీర్ఘకాలిక నొప్పిలో చాలాసార్లు జరిగేది ఇదే. గాయం మానినా నరాలు, వెన్నుపాము, మెదడు అతిగా స్పందించడం అలవాటు చేసుకుంటాయి. మామూలు ఒత్తిడి కూడా నొప్పిగా తెలుస్తుంది. ఇది ఊహ కాదు, నాడీ వ్యవస్థలో నిజంగా వచ్చే మార్పు. నిద్రలేమి, దిగులు, భయం దీన్ని పెంచుతాయి. నొప్పి మళ్లీ నిద్రనూ మనసునూ చెడగొడుతుంది.

అందుకే నొప్పిపై పనిచేసే అంతర్జాతీయ వైద్య సంఘం 2020లో నిర్వచనాన్ని సవరిస్తూ, కణజాలానికి దెబ్బ ఉన్నా లేకపోయినా, మనిషి నొప్పి అని చెబితే ఆ మాటను గౌరవించాలని స్పష్టం చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 అమల్లోకి వచ్చింది 2022 జనవరిలో. మూడు నెలలకు మించి ఉండే, లేదా తిరగబెట్టే నొప్పికి అందులో సొంత పేరు, సొంత సంకేతం ఉన్నాయి. ఒళ్లంతా నొప్పులు పెట్టే ఫైబ్రోమయాల్జియాకు కూడా అందులో చోటుంది.

ఇది కొద్దిమంది బాధ కూడా కాదు. 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉందని అంచనా. మనిషిని పనికి దూరం చేసే కారణాల్లో అది మొదటి స్థానంలో ఉంది. మనకూ అనుభవం ఉంది. 2005-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను చుట్టేసిన చికున్‌గున్యా గుర్తుందా? జ్వరం వారంలో పోయింది, కీళ్ల నొప్పులు కొందరిని నెలల తరబడి వదల్లేదు. అప్పుడు ఎవరినీ నాటకమని అనలేదు. ఇంటింటికీ వచ్చింది కాబట్టి నమ్మాం. తనదాకా వస్తేగానీ తెలియదన్నది ఇందుకే.

సర్టిఫికెట్‌కు అందని బాధ

అపనమ్మకం మనుషుల్లోనే కాదు, కాగితాల్లోనూ ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. దీర్ఘకాలిక నొప్పి వాటిలో విడిగా లేదు. పింఛనుకు సదరం శిబిరంలో కనీసం 40 శాతం వైకల్యం తేలాలి. కీలు ఎంత వంగుతోంది, కండరానికి ఎంత బలం ఉంది అన్నవే ప్రధానంగా కొలతకు వస్తాయి. రాత్రంతా నిద్రపోనివ్వని నొప్పిని కొలిచే టేపు లేదు.

తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు జీవన భృతి ఇస్తోంది. 2019లో అది నెలకు రూ.2,016కు పెరిగింది. చాలా ఇళ్లకు అది ఊరటే. కానీ అది వృత్తిని చూసి ఇచ్చేది. ఆ వృత్తి తెచ్చిన నొప్పికి చికిత్స ఎక్కడ అన్న ప్రశ్న అలాగే ఉంది. జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఎముకల వైద్యుడు, ఫిజియోథెరపిస్టు, మానసిక వైద్యుడు ఒకే రోజు ఒకేచోట చూసే నొప్పి క్లినిక్‌ను అక్కడ వారానికి ఒక్కరోజు నడిపినా ఎన్నో కుటుంబాలకు మేలు. మళ్లీ మళ్లీ రావాలంటే కూలి పోతుంది, బస్సు చార్జీ అవుతుంది.

నమ్మకపోతే ఏమవుతుంది?

ఇంట్లో నమ్మకపోతే మనిషి చాటుగా మందు వెతుక్కుంటుంది. ఊళ్లో ‘నొప్పి సూది’ వేయించుకుంటుంది, మెడికల్ షాపులో మాత్రలు అడిగి తెచ్చుకుంటుంది. డైక్లోఫెనాక్ లాంటి మందులను ఏళ్ల తరబడి ఇష్టమొచ్చినట్టు వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు, మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. షుగర్, బీపీ ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. పేరు లేని పొడుల్లో స్టెరాయిడ్లు కలిపి అమ్మిన సందర్భాలూ ఉన్నాయి. ‘వారంలో మాయం’ అనే ప్రకటనకు మొదట చిక్కేది, ఎవరూ నమ్మని మనిషే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పిపై మార్గదర్శకాలు ఇచ్చింది. జబ్బు గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పడం, క్రమంగా పెంచే వ్యాయామం, మానసిక చికిత్స, అవసరమైనప్పుడు కొన్ని నొప్పి మందులు ఉపయోగపడతాయని చెప్పింది. నడుము బెల్టులు, ట్రాక్షన్, నల్లమందు జాతి మందులను మామూలుగా వాడొద్దంది. మనం ఎక్కువగా కొనేది బెల్టు, తక్కువగా చేసేది వ్యాయామం! మానసిక చికిత్స సూచిస్తే ‘నీకు పిచ్చి’ అన్నట్టు కాదు. మోగుతున్న అలారాన్ని తగ్గించే దారుల్లో అదొకటి.

నమ్మడమంటే ప్రతి మాటకూ తలూపడం, మనిషిని మంచానికి కట్టేయడం కాదు. నొప్పి నిజమని ఒప్పుకుంటూనే, కదలాలని ప్రోత్సహించవచ్చు. తప్పుడు చికిత్సను వద్దనవచ్చు. ముందు నమ్మిన మనిషి చెబితేనే ఆ మాట చెవికెక్కుతుంది.

ఇంట్లోవాళ్లు చేయగలిగినవి

• ‘ఇంకా తగ్గలేదా?’ అనే బదులు ‘ఈరోజు ఏ పని కష్టంగా ఉంది?’ అని అడగండి. జవాబు పనికొచ్చేలా ఉంటుంది.

• నొప్పి ఎప్పుడు పెరిగింది, ఎంత నిద్రపట్టింది, ఏ మందు వేసుకున్నారు అన్నది రెండు వారాలు నోటుపుస్తకంలో రాయించండి. డాక్టరుకు స్కాన్ ఎంత ముఖ్యమో ఇదీ అంతే.

• కూర్చుని చేసే పనైతే అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. బీడీలు చుట్టేవారు గోడకు ఆనుకుని, చాటను కాస్త ఎత్తులో పెట్టుకుంటే మెడకు భారం తగ్గుతుంది.

• బంధువుల గ్రూపులో ఎవరైనా బాధ చెప్పుకుంటే చిట్కా పంపే ముందు ఒక్క మాట పలకరించండి. మందు పేరు మాత్రం పంపకండి.

• దిగులు, చనిపోవాలన్న ఆలోచనలు ఉంటే ఆలస్యం చేయొద్దు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

• కాళ్లలో బలం తగ్గడం, మలమూత్రాలపై అదుపు పోవడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం అత్యవసరం. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నా, పొద్దున అరగంటకు మించి కీళ్లు బిగుసుకుపోతున్నా డాక్టరుకు చూపించడం వాయిదా వేయొద్దు.

నొప్పికి ఎక్స్‌రే సాక్ష్యం దొరక్కపోవచ్చు. మనిషి మాటే మొదటి సాక్ష్యం. దాన్ని కొట్టిపారేసే ఇంట్లో చికిత్స ఆలస్యంగా మొదలవుతుంది, అదీ చాలాసార్లు తప్పుడు గుమ్మం దగ్గర.