ఆమెకూ కుటుంబం ఉంది

హైదరాబాదులోనో విజయవాడలోనో అద్దె ఇంటి కోసం తిరిగే పెళ్లికాని స్త్రీకి గేటు దగ్గరే వినిపించే మాట, ‘ఫ్యామిలీకే ఇస్తామమ్మా’ అని. ఆమెకు నలభై ఏళ్లుండవచ్చు, మంచి ఉద్యోగం ఉండవచ్చు, వెంట డెబ్బై ఏళ్ల తల్లి కూడా ఉండవచ్చు. అయినా ఇంటివారి లెక్కలో అది కుటుంబం కాదు. ఇంటికి ఎవరెవరు వస్తుంటారు, రాత్రి ఎన్నింటికి వస్తావు, ఇంకా పెళ్లెందుకు కాలేదు అన్న ప్రశ్నలన్నీ దాటితే గానీ అడ్వాన్సు మాట రాదు. పెళ్లి చేసుకోని ఆడవాళ్ల మీద మనవాళ్లు వేసే ముద్రలు అన్నీ ఇన్నీ కావు. పొగరంటారు, చదువెక్కువైందంటారు, ఎవరినో ప్రేమించి భంగపడిందంటారు, జాతకదోషమంటారు. అన్నిటికీ వేరు ఒక్కటే. పెళ్లయితేనే ఆడదానికి ఒక కుటుంబం ఏర్పడుతుందనీ, కానంతకాలం ఆమె ఏ ఇంటికీ పూర్తిగా చెందదనీ నమ్మడం.

మన ఇళ్లలోకే తొంగిచూస్తే ఈ నమ్మకం ఎంత తప్పో తెలుస్తుంది. అన్నదమ్ములు ఉద్యోగాల పేరిట తలోదిక్కూ వెళ్లిపోయాక తండ్రికి వేళకు ఇన్సులిన్ ఇచ్చేదీ, తల్లిని కంటి ఆపరేషన్‌కు తీసుకెళ్లేదీ, కరెంటు బిల్లు నుంచి ఇంటిపన్ను దాకా చూసుకునేదీ చాలాచోట్ల పెళ్లికాని కూతురే. మేనకోడలి కాలేజీ ఫీజులో ఆమె జీతం ఉంటుంది. ఆ పిల్ల పెళ్లికి పసుపు కొమ్ములూ, చీరలూ, గాజులూ కొనితెచ్చేది ఆమే. తీరా పసుపు దంచే రోజున ముత్తయిదువలను పేరుపేరునా పిలుస్తారు. ఆమె మాత్రం స్టోర్ రూమ్ తాళాలు పట్టుకుని ఎవరికేం కావాలో అందిస్తూ ఉంటుంది. ‘దానికేముంది, మొగుడా పిల్లలా’ అన్న మాట చెవిన పడినా విననట్టే ఉండిపోతుంది. ఇంటి బరువంతా మోస్తున్న మనిషికి సంసారం తెలియదనడం ఎంత అన్యాయం!

ఆఫీసులోనూ ఇదే వరస. దసరాకో దీపావళికో ఎవరైనా డ్యూటీలో ఉండాల్సి వస్తే అందరి చూపూ ఆమె వైపే తిరుగుతుంది. సెలవు అడిగితే, పిల్లల పరీక్షలంత బలమైన కారణం ఆమె దగ్గర ఉండదనుకుంటారు. ఆస్పత్రిలో మరీ ఇబ్బంది. గర్భాశయంలో గడ్డల కోసం డాక్టరు దగ్గరికి వెళ్లినా, జబ్బు సంగతి కంటే ముందు పెళ్లి సంగతి మొదలవుతుంది. ఆ ప్రశ్నలకూ, ఆ చూపులకూ జంకి నొప్పిని ఏళ్ల తరబడి ఓర్చుకునేవాళ్లున్నారు.

పెళ్లికాని ఆడవాళ్లంటే నగరంలో పెద్ద జీతాలు తీసుకునేవాళ్లేనన్నది మరో అపోహ. కట్నం ఇచ్చుకోలేక సంబంధాలు తప్పిపోయినవాళ్లు, తండ్రి పోతే తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ ఒక దారికి తెచ్చేసరికి వయసు దాటినవాళ్లు, వైకల్యం వల్ల ఇంట్లోనే ఉండిపోయినవాళ్లు పల్లెల్లో ఎందరో. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఒంటరి మహిళలకు పింఛను మొదలుపెట్టినప్పుడు అసలు పెళ్లే కానివారినీ అందులో చేర్చింది. పల్లెల్లో 30, పట్టణాల్లో 35 ఏళ్లు దాటి ఉండాలన్నది షరతు. కూలి పనుల మీద బతికే పెళ్లికాని స్త్రీ అవసరాన్ని సర్కారు గుర్తించడం చిన్న విషయం కాదు.

చట్టం అడపాదడపా సమాజం కంటే ముందే నడిచింది. హిందూ స్త్రీ పెళ్లి కాకుండానే బిడ్డను దత్తత తీసుకోవచ్చని 1956 నాటి చట్టమే చెప్పింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు కల్పిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. ఆనాటికే పెళ్లయిపోయిన ఆడపిల్లలకు మాత్రం ఆ హక్కు దక్కలేదు. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ తేడానూ తొలగించింది. పెళ్లికాని తల్లి, బిడ్డ తండ్రి పేరు బయటపెట్టకుండానే ఆ బిడ్డకు సంరక్షకురాలు కావచ్చని 2015లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయితే చట్టమూ కొన్నిచోట్ల పాత చూపు వదులుకోలేదు. 2021 నాటి సరోగసీ చట్టం వితంతువులకూ, విడాకులు పొందినవారికీ ఇచ్చిన అవకాశాన్ని అసలు పెళ్లే చేసుకోని స్త్రీకి ఇవ్వలేదు.

ఎంత ఎదిగినా ఈ చూపు వెంటాడుతూనే ఉంటుంది. సరోజినీ నాయుడు కుమార్తె పద్మజా నాయుడు మన హైదరాబాదు బిడ్డ. 1956 నుంచి 1967 వరకూ, పదేళ్లకు పైగా పశ్చిమ బెంగాల్ గవర్నరుగా పనిచేశారు. డార్జిలింగ్‌లోని హిమాలయ జంతు ఉద్యానానికి ఆమె పేరే పెట్టారు. అంతటి మనిషి ప్రస్తావన వచ్చినా, ఆమె చేసిన పనుల కంటే పెళ్లెందుకు చేసుకోలేదన్న ఆరానే ముందుకొస్తుంది.

ఈ ముద్రల వల్ల నష్టపోయేది పెళ్లికాని స్త్రీలు మాత్రమే కాదు. ఎదిగిన ఆడపిల్ల ఇంట్లో ఉంటే లోకం ఏమంటుందోనన్న భయం, పేదరికంతోనూ కట్నం బెంగతోనూ కలిసి, పసిపిల్లల మెడలో తాళి కట్టిస్తోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల యువతుల్లో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. నలభై ఏళ్ల మేనత్తను ఊరంతా చిన్నచూపు చూస్తుంటే, పదహారేళ్ల పిల్ల తల్లికి ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుంది? పెళ్లి లేకుండానూ గౌరవంగా బతకవచ్చని కళ్లెదుట కనిపిస్తే ఆ తల్లి మరో రెండేళ్లు ఆగుతుంది, పిల్ల చదువు సాగుతుంది.

‘రేపు పెద్దయ్యాక నిన్నెవరు చూస్తారే?’ అన్న ప్రశ్నలో ప్రేమ ఉంది, కాదనలేం. కానీ పిల్లలు దూరదేశాల్లో ఉండి ఒంటరిగా కాలం గడిపే దంపతులు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. ముసలితనానికి భరోసా అందరికీ కావాలి. సంతానం లేని వృద్ధుల ఆస్తిని అనుభవిస్తున్న, లేదా వారి తర్వాత పొందబోయే బంధువులు వారిని పోషించాలని 2007లో వచ్చిన వృద్ధుల సంరక్షణ చట్టం చెబుతోంది. ఆ ప్రశ్నలోని ప్రేమ నిజమైతే అది చేతల్లో కనబడాలి. అమ్మానాన్నల సేవను అన్నదమ్ములు పంచుకోవాలి. ఏళ్లుగా ఆమె నిలబెట్టిన ఇంట్లో ఆమె హక్కును పెద్దవాళ్లు బతికుండగానే కాగితం మీద పెట్టాలి. వాళ్లు కన్నుమూసిన మరుసటి నెలే ఇల్లు అమ్మేద్దామని తమ్ముళ్లు కూర్చుంటే ఆమె ఎక్కడికి పోవాలి? పెళ్లి చేసుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టానికి వదిలేద్దాం. ఆమె వాటాకూ, మాటకూ, విశ్రాంతికీ ఇంట్లో లోటు రాకుండా చూడటం మాత్రం ఆమె కుటుంబంగా మన అందరి బాధ్యత.