నామినీ వేరు, వారసుడు వేరు

బ్యాంకు డిపాజిట్లకు నలుగురి వరకు నామినీలను పెట్టుకునే వీలు 2025 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఎవరికి ఎంత శాతమో ఖాతాదారే రాసి ఇవ్వవచ్చు. ఒకరు లేనప్పుడు మరొకరు అన్న వరుసలోనూ పేర్లు ఇవ్వవచ్చు. లాకర్లకు మాత్రం వరుస పద్ధతే. సదుపాయం మంచిదే. అయితే శాతాలతో సహా పేర్లు రాసి సంతకం చేసిన సామాన్యుడు తన ఆస్తి పంపకం అంతటితో పూర్తయిందనే భావిస్తాడు. చిక్కంతా అక్కడే వస్తోంది.

నామినీ సొమ్ము అందుకునే వ్యక్తి మాత్రమే, సొంతదారు కాడు. బీమా పాలసీ విషయంలో సుప్రీంకోర్టు 1983లోనే సర్బతీదేవి కేసులో ఈ సంగతి తేల్చింది. బ్యాంకు డిపాజిట్లకూ ఇదే సూత్రమని 2010లో, కంపెనీల షేర్లకూ ఇంతేనని 2023 డిసెంబరులో స్పష్టం చేసింది. నామినీకి చెల్లించడంతో బ్యాంకు బాధ్యత తీరిపోతుంది. ఆ సొమ్ము చివరకు ఎవరికి చెందాలన్నది వీలునామాను బట్టి, అది లేకపోతే వారసత్వ చట్టాన్ని బట్టి ఉంటుంది.

పెళ్లికి ముందు ఉద్యోగంలో చేరిన యువకుడు జీతం ఖాతాకు తమ్ముణ్ణి నామినీగా రాస్తాడు. పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు, ఆ కాగితం మాత్రం మారదు. అతడు హఠాత్తుగా మరణిస్తే బ్యాంకు తమ్ముడికే చెల్లిస్తుంది. వీలునామా లేనప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అది భార్యకు, పిల్లలకు, తల్లికి సమాన వాటాలుగా చెందవలసిన సొమ్ము. తమ్ముడు ధర్మంగా ఇస్తే సరి. ఇవ్వకపోతే వితంతువు కోర్టు మెట్లెక్కాలి. దినకర్మల ఖర్చుకే తడుముకునే ఇంట్లో దావా ఖర్చు ఎక్కడినుంచి వస్తుంది? కొడుకు ఆస్తిలో తల్లికి వాటా ఉందని, తొలి తరగతి వారసుల్లో తండ్రి లేడని కూడా చాలామంది ఎరుగరు.

బీమాలో 2015 సవరణ కొంత మార్పు తెచ్చింది. తల్లిదండ్రులో, భార్యో, భర్తో, పిల్లలో నామినీలైతే పాలసీ సొమ్ముపై వారికే లబ్ధి హక్కు ఉంటుందని చెప్పింది. దానిపైనా హైకోర్టులు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చాయి. అంటే భార్య ఒక్కతే అన్నిటికీ నామినీ అయినా పాలసీకి ఒక న్యాయం, డిపాజిట్‌కు మరో న్యాయం! ప్లీడర్లకే తికమక కలిగించే ఈ తేడా ఖాతాదారుకు ఎవరు చెబుతారు?

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు. రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. తెల్లకాగితంపై రాసి, సంతకం చేసి, ఇద్దరు సాక్షులచేత సంతకాలు చేయిస్తే 1925 నాటి చట్టం ప్రకారం చెల్లుతుంది. ముస్లిములు మాత్రం వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి రాయలేరు. మతిస్థిమితం లేని బిడ్డ ఉన్న ఇంట వీలునామా ఒక్కటే చాలదు, ట్రస్టు ఏర్పాటు మేలు. అయినా తెలుగు ఇళ్లలో వీలునామా మాటెత్తితే అశుభమని నోరు మూయించేవారే ఎక్కువ.

ఈ అలవాటు మారడానికి కాలం పట్టవచ్చు. నామినేషన్ ఫారంపై ‘నామినీ సొంతదారు కాడు’ అన్న ఒక్క వాక్యం స్థానిక భాషలో ముద్రించడానికి అంత కాలం అక్కర్లేదు. పార్లమెంటు దాకా పోనక్కర్లేదు, రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ఒక్కటి చాలు.