పొగ మానినా దగ్గు పోదేమి?

“బీడీ మానివేసి రెండేండ్లయినది, దగ్గు మాత్రం మానలేదు. ఇక మానినందువల్ల ఫలమేమి?” అనే మాట మన కుటుంబాలలో పెద్దల నోట తరచు వినవస్తుంది. కట్టెల పొయ్యి వదలి గ్యాసుపొయ్యికి వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు కూడ ఇదే అంటారు. ఆ నిరాశతోనే కొందరు తిరిగి బీడీ ముట్టిస్తున్నారు. కనుక ఈ నెల మనము ఆ దగ్గు సంగతే చూతము.

రెండు ఊపిరితిత్తులలోను కలిపి సుమారు 48 కోట్ల చిన్న గాలి గదులు ఉన్నవి. వాటి గోడలలోని జీవకణాలను పట్టి నిలిపే అల్లిక ఒకటి ఆ కణాలకు వెలుపల ఉన్నది. తడిక గోడలో బద్దలు, తాళ్లు, మట్టి కలిసి పనిచేసినట్లే ఇందులోను పలు పదార్థాలు కలిసి పనిచేస్తవి. కొల్లాజెన్ తాడువలె బిగువునిస్తుంది. ఇలాస్టిన్ రబ్బరువలె సాగి తిరిగి ముడుచుకొంటుంది. ప్రయాస లేకుండ మనము గాలి వదలగలుగుట దాని చలువే. హయల్యూరోనన్ బెండకాయ జిగురు వంటిది; నీటిని పట్టి ఉంచుతుంది. ఈ మొత్తానికి డాక్టర్లు పెట్టిన పేరు ఎక్స్‌ట్రా సెల్యులర్ మేట్రిక్స్. మనము అల్లిక అనే అందాము.

ఇందులో ఇలాస్టిన్ సంగతి విచిత్రమైనది. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన రేడియో కార్బన్‌ను ఆధారముగా చేసికొని శాస్త్రజ్ఞులు మనుష్యుల ఊపిరితిత్తులలోని ఇలాస్టిన్ వయస్సు లెక్కకట్టి 1991లో ప్రకటించారు. చిన్ననాడు ఏర్పడిన పోగులే దాదాపు జీవితాంతము ఉంటవని తేలినది. అనగా పోయినదానికి బదులు కొత్తది సులభముగా రాదు.

ఈ పోగులు తెగితే ఏమగునో రెండు సంగతులు తెలిపినవి. 1963లో స్వీడన్ దేశపు మాల్మో నగరములో లారెల్, ఎరిక్సన్ అనే వైద్యులు ఐదుగురి రక్తములో ఒక ప్రోటీను బాగా లోపించినట్లు కనుగొన్నారు. ఆ ఐదుగురిలో ముగ్గురికి ఎంఫిసీమా ఉన్నది. ఈ జబ్బులో గాలి గదుల గోడలు చెడి, చిన్న గదులు కలిసిపోయి డొల్లలవుతవి, మనిషి ఆయాసపడతాడు. ఇక రెండవది. మాంసము త్వరగా ఉడుకుటకు పచ్చి బొప్పాయి ముక్క వేయడం మన వంటిళ్లకు తెలిసినదే. ఆ కాయ పాలలోని పపెయిన్‌ను ఎలుకల ఊపిరితిత్తులలోనికి పంపగా వాటికి ఎంఫిసీమా వచ్చినదని 1965లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు.

మనకు బొప్పాయి పాలతో పని లేదు. మన తెల్ల రక్తకణాల వద్దనే అటువంటి సరుకు ఉన్నది. పొగ లోనికి పోగానే ఊపిరితిత్తులను శుభ్రము చేయుటకు ఆ కణాలు వస్తవి. అవి విడిచే ఇలాస్టేజ్ అనే ఎంజైము ఇలాస్టిన్‌ను కూడ తెంపుతుంది. దానిని అదుపులో ఉంచేది ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్; మాల్మో రోగులలో లోపించినది అదే. పొగ ఈ కాపలాదారుని కూడ బలహీనపరుస్తుంది.

అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. తెగిన ముక్కలు ఊరుకొనవు. ఇలాస్టిన్ ముక్కలే మరిన్ని రక్షక కణాలను తమవైపు పిలుచునని 2006లో చిట్టెలుకల మీద జరిగిన పరిశోధన చూపినది. ఆ ముక్కలను పట్టివేసే మందు ఇచ్చినపుడు జబ్బు పెరుగుదల తగ్గినది. హయల్యూరోనన్ కూడ అంతే. పొడవుగా ఉన్నంతకాలము గోడకు రక్షణ; తునకలైతే కణాల మీది ప్రమాద ఘంటలను మ్రోగిస్తుంది. ఇట్లు పిలుపు విని వచ్చిన కణాలు మరికొంత తెంపుతవి. మరికొన్ని ముక్కలు పుట్టి మరల పిలుస్తవి. పొగ ఆగినా లోపలి వాపు కొంతకాలము, కొందరిలో ఏండ్ల తరబడి, సాగుటకు ఇది ఒక ముఖ్య కారణము.

అయితే మానినందువల్ల ఫలమేమి? లండనులో పనిచేసే పురుషులను 8 సంవత్సరాలు పరీక్షించి ఫ్లెచర్, పీటో అనేవారు 1977లో దీనికి జవాబు చెప్పారు. పోయిన ఊపిరి శక్తి తిరిగి రాదు. కాని మానిన తరువాత అది తరిగే వేగము పొగ త్రాగనివారి వేగమునకు దగ్గరగా వస్తుంది. కాబట్టి నలభైలో మానినవారికి ఎక్కువ మిగులుతుంది; అరవైలో మానినవారికి మిగిలినది నిలుస్తుంది. దగ్గు ఉన్నదని మరల ముట్టించుట, గోడ సగము కూలినదని మిగిలిన సగమును తన్నుట వంటిది.

రెండు వారాలు మించి దగ్గు ఉంటే “ఇది పాత పొగ దగ్గే” అని ఇంట్లోనే తేల్చివేయరాదు. క్షయ కాదని కఫ పరీక్షతో తెలుసుకొనవలెను. ఆయాసమున్నవారు గొట్టములోనికి గాలి ఊది చూపే స్పైరోమెట్రీ పరీక్ష చేయించుకొనుట మంచిది. ఇంకను కట్టెలతో వండే ఇండ్లలో పొగ బయటికి పోవుటకు దారి ఉండవలెను. పసిబిడ్డలను పొయ్యి దగ్గర కూర్చోబెట్టరాదు. వారి అల్లిక ఇప్పుడే తయారగుచున్నది. జన్మంతా వారికి అదే ఆధారము.

బీడీ మానిన తాతగారు మీ ఇంట ఉంటే, దగ్గినపుడు ఆయనను దెప్పకండి. మానినది మంచిపనేనని, ఫలము లోపల జరుగుతున్నదని చెప్పండి.