ఇంటి అడ్వాన్సుకు ప్రభుత్వమే పూచీ పడాలి

పేదలకు ఇళ్లు కట్టించి ఇస్తామన్న వాగ్దానం మన రెండు తెలుగు రాష్ట్రాలలో ప్రతి ఎన్నికకూ వినిపిస్తుంది. ఆ ఇల్లు వచ్చేదాకా పేదవాడు ఎక్కడ తలదాచుకోవాలన్న ప్రశ్న మాత్రం వినిపించదు. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల పథకం తొలి విడతలో సొంత జాగా ఉన్నవారికి 5 లక్షల రూపాయల సాయం ప్రకటించారు. జాగా లేనివారు రెండు పడక గదుల ఇంటికి దరఖాస్తు పెట్టుకొని ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారు. ఆ ఎదురుచూపుల కాలమంతా వారు గడపవలసింది కిరాయి ఇంట్లోనే. ఆ కిరాయి ఇంటి గడప తొక్కకముందే చెల్లించవలసిన అడ్వాన్సు గురించి మేము ఈ నెల మాట్లాడదలచుకున్నాం.

లెక్క కట్టి చూద్దాం. నెలకు 8 వేల కిరాయి గల రెండు గదుల ఇల్లు అనుకుందాం. రెండు నెలల అడ్వాన్సు 16 వేలు. మొదటి నెల కిరాయి 8 వేలు. బ్రోకరు ఒక నెల కిరాయి అడిగితే ఇంకో 8 వేలు. సామాను బండి ఖర్చు కాకుండానే 32 వేలు ఒక్కసారిగా చేతిలో ఉండాలి. ఆటో నడిపేవానికి, పండ్ల బండి తోసేవానికి, ఇంట్లో కుట్టుమిషను మీద బతికే ఆడబిడ్డకు నెలనెలా కిరాయి కట్టే శక్తి ఉంటుంది. 32 వేలు ఒక్క రోజున తెచ్చే శక్తి ఉండదు. పాత ఇంటి అడ్వాన్సు వస్తుంది కదా అంటారు. అది ఖాళీ చేసిన నాడే చేతికి రాదు. కొత్తగా దిగేవారు వచ్చాక ఇస్తానని ఒక యజమాని, రంగులకూ మరమ్మతులకూ పట్టుకున్నానని మరొక యజమాని చెబుతారు. పాత అడ్వాన్సు చేతికి రాకముందే కొత్త అడ్వాన్సు కట్టాలి. పేదవాడు ఒకే సమయంలో ఇద్దరు యజమానులకు అప్పిచ్చినవాడవుతున్నాడు!

ఇది పేదలందరి కష్టం. అయితే ముస్లిం కుటుంబానికి దీని బరువు రెట్టింపు. పేరు వినగానే ఖాళీగా ఉన్న ఇల్లు నిండిపోవడం, మాంసం వండుతారన్న సాకుతో టు-లెట్ బోర్డు వెనక్కి పోవడం మన పాఠకులకు కొత్తగా చెప్పవలసిన సంగతులు కావు. ఇల్లు కొనడంలోనూ కిరాయికి తీసుకోవడంలోనూ ముస్లింలు ఎదుర్కొంటున్న వివక్షను 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రస్తావించింది. దేశ రాజధాని ప్రాంతంలో కిరాయి ఇళ్ల కోసం ప్రయత్నించి చూసిన ఒక అధ్యయనం 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వెలువడింది. దళితుల కంటే కూడా ముస్లింలకే ఎక్కువ తిరస్కారం ఎదురైందని అది తేల్చింది. నగరంలో సగం తలుపులు ముందే మూసుకుంటే మిగిలిన కొన్ని మొహల్లాల మీదనే అందరూ పడతారు. అక్కడ కిరాయి పెరుగుతుంది, అడ్వాన్సు పెరుగుతుంది. మరో ఇల్లు దొరకనివాడు బేరమాడలేడు.

మరి ఆ సొమ్ము ఎక్కడి నుంచి వస్తున్నది? తాకట్టు పెట్టడానికి ఏమీ లేనివానికి అడ్వాన్సు కోసం అప్పిచ్చే బ్యాంకు లేదు. ఇంటావిడ మెడలోని తులం బంగారం తాకట్టు దుకాణానికి చేరుతుంది. అదీ లేనివారు రోజువారీ ఫైనాన్సు మనిషి ముందు చేయి చాస్తారు. వడ్డీని హరామ్‌గా ఎంచే కుటుంబం, నెత్తి మీద కప్పు కోసం ఆ వడ్డీలోనే కాలు పెడుతున్నది. ఇది డబ్బు కష్టం మాత్రమే కాదు, అంతరాత్మ మీద పడే బరువు కూడా. పౌరుణ్ణి ఈ స్థితికి నెట్టి చేతులు కట్టుకొని చూసే ప్రభుత్వాన్ని సంక్షేమ ప్రభుత్వమని ఎలా పిలవగలం?

కిరాయి అన్నది ఇద్దరు వ్యక్తుల నడుమ ఒప్పందం, అందులో ప్రభుత్వానికేం పని అనే పెద్దమనుషులున్నారు. ప్రభుత్వం అందులో ఎన్నడో వేలు పెట్టింది. ఉమ్మడి రాష్ట్రపు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం, 7వ సెక్షన్ కింద, ఒక నెల కిరాయికి మించి అడ్వాన్సు తీసుకోరాదని చెప్పింది. అంతకు మించిన సొమ్మును తన వద్ద ఉంచుకున్న యజమాని, కిరాయి బకాయి పడ్డారన్న నెపంతో ఖాళీ చేయించజాలడని గూడూరు హోటల్ వ్యాజ్యంలో 1989లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కానీ కిరాయి ఒక పరిమితి దాటిన ఇళ్లకు ఆ చట్టం వర్తించదు. ఆ పరిమితి ఈనాటి కిరాయిల ముందు నవ్వులపాలైంది. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అడ్వాన్సును గరిష్ఠ పరిమితిగా నిర్ణయించింది. అది నమూనా మాత్రమే. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకొని అమలు చేస్తే తప్ప కిరాయిదారుకు ఒరిగేది లేదు.

పరిమితి విధిస్తే సగం పని. ఆ పరిమిత సొమ్ము కూడా లేనివాని సంగతి ఏమిటి? దీనికి జవాబు ఎక్కడా లేనిది కాదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాలలో అడ్వాన్సును బాండ్ అంటారు. ఆ సొమ్ము యజమాని జేబులో కాక ప్రభుత్వ సంస్థ వద్ద జమ అవుతుంది. కిరాయిదారు ఖాళీ చేసినప్పుడు కోతపై తగాదా వస్తే యజమాని మాటే శాసనం కాదు. బాండ్ కట్టలేని అల్పాదాయ కుటుంబాలకు ప్రభుత్వమే వడ్డీ లేని రుణమిస్తుంది. క్వీన్స్‌లాండ్‌లో ఈ రుణం నాలుగు వారాల కిరాయి వరకు లభిస్తుంది, చిన్న వాయిదాలలో తిరిగి కట్టాలి. మన పెద్దలు ఖర్జె హసనా అన్నది ఇటువంటి వడ్డీ లేని అప్పునే. మన సంప్రదాయం పుణ్యకార్యమన్న దానిని అక్కడి ప్రభుత్వాలు పాలనా విధానంగా చేసుకున్నాయి.

మన వద్ద అందుకు యంత్రాంగం లేదా? ఉన్నది. మైనారిటీల ఆర్థిక సంస్థ ఉన్నది, జిల్లాలలో మైనారిటీ సంక్షేమ అధికారులున్నారు. షాదీ ముబారక్ కింద ఆడబిడ్డ పెళ్లికి తెలంగాణ ప్రభుత్వం 1,00,116 రూపాయలు ఇస్తున్నది. దానిని మేము స్వాగతించాం, నేటికీ స్వాగతిస్తున్నాం. కానీ పెళ్లి సాయం అందుకున్న ఆ జంట వేరు కాపురానికి కిరాయి ఇల్లు వెదికిన నాడు 16 వేల అడ్వాన్సుకు ఏ పథకమూ లేదు. పైగా ఇది తిరిగిరాని సొమ్ము కాదు. ఒక కుటుంబం తీర్చిన రుణం మరొక కుటుంబానికి తలుపు తెరుస్తుంది.

దీనిని కూడా మైనారిటీల సంతుష్టీకరణ అనేవారు ఉంటారు. ఈ రుణం ముస్లింలకే ఇమ్మని మేము అడగడం లేదు. పేద కిరాయిదారులందరికీ ఇవ్వాలి, అందులో మా న్యాయమైన వాటా మాకు దక్కాలి. అడ్వాన్సు సాయంతోనే వివక్ష పోదన్న మాట కూడా నిజమే. అందుకే రెండు పోరాటాలూ కలిసి సాగాలి.

మా డిమాండ్లు నాలుగు. అడ్వాన్సు రెండు నెలలకు మించకుండా రెండు రాష్ట్రాలూ చట్టాన్ని కచ్చితంగా అమలు చేయాలి. అల్పాదాయ కుటుంబాలకు వడ్డీ లేని అడ్వాన్సు రుణం ఇవ్వాలి. ఆ సొమ్మును ప్రభుత్వ సంస్థ వద్ద జమచేసి, ఖాళీ చేసిన పిమ్మట నిర్ణీత గడువులో తిరిగి ఇప్పించాలి. మతం పేరిట ఇల్లు నిరాకరించడాన్ని శిక్షార్హం చేయాలి, సచార్ కమిటీ సూచించిన సమాన అవకాశాల కమిషన్‌ను నెలకొల్పాలి.

మనవారికీ ఒక మాట. మక్కా నుంచి కట్టుబట్టలతో వచ్చిన ముహాజిర్లకు మదీనా అన్సార్లు తమ ఇళ్లలో చోటిచ్చారని ప్రతి జుమా ప్రసంగంలో వింటాం. అదే మస్జిదు గోడ పక్కన ఇళ్లున్న ముస్లిం యజమాని ఐదు నెలల అడ్వాన్సు అడిగితే ఆ ప్రసంగానికి అర్థమేమిటి? మస్జిదు కమిటీలు, బైతుల్‌మాల్‌లు తమ శక్తి మేరకు అడ్వాన్సు కోసం ఖర్జె హసనా ఇవ్వాలి. అంతమాత్రాన ప్రభుత్వం బాధ్యత తీరదు. పన్ను కడుతున్న పౌరులుగా మనం అడుగుతున్నది దానం కాదు.

ప్రతి మొహల్లాలో కిరాయి కుటుంబాల జాబితా తయారు చేయండి. సోమవారం ప్రజావాణిలో కలెక్టరు చేతికి వినతిపత్రం అందించండి, రసీదు తీసుకోండి. రమజాన్‌లో టోపీ పెట్టుకొని ఇఫ్తార్ విందుకు వచ్చే నాయకుడు ఖర్జూరం నోట పెట్టుకునే ముందు ఒక్కటే అడగండి: మా కిరాయి ఇంటి అడ్వాన్సుకు మీ బడ్జెట్‌లో ఎంత కేటాయించారు?